ముందు ఎవరు గుడ్డ ఊపాలి

మార్చిలో ఒక ఆదివారం ఎవరెట్ హావర్‌క్యాంప్ అక్క ఇంటికి వచ్చి వంటింటి బల్ల మీద ఒక రంగుల కాగితం పరిచాడు. కాగితం మీద క్లారా డనింగ్ అనే స్టీమరు బొమ్మ. వెనక నీటిని తోసే ఎర్ర చక్రం, పైన జంట పొగగొట్టాలు, మూడంతస్తుల్లో వరండాలు, వరండాల్లో కుర్చీలు, కుర్చీల్లో నెరిసిన తలలు. పాతకాలపు స్టీమరు. తుప్పు పట్టి ఒడ్డున పడి ఉంటే ఒక కంపెనీ కొని, బాగుచేయించి, మళ్ళీ నదిలోకి దించింది. పిట్స్‌బర్గ్‌లో ఎక్కితే ఒహాయో నది వెంట సాగి, వారం తర్వాత సిన్సినాటిలో దిగవచ్చు.

ఆర్డిత్ కాగితాన్ని వేలితో తన వైపు తిప్పుకుంది.

"వీళ్ళంతా ఎక్కడికి పోతున్నార్రా?"

"ఎక్కడికీ కాదక్కా. నది చూస్తారు."

ఆర్డిత్ కిటికీ వైపు చూసింది. కిటికీ అవతల గడ్డి, గడ్డి అవతల అదే నది. కాఫీ పోసింది.

సెప్టెంబరులో వెళ్దామనుకుంటున్నామని ఎవరెట్ చెప్పాడు. తను, భార్య కొరిన్, కొరిన్ చెల్లెలు, ఆ చెల్లెలి మొగుడు గార్లండ్. మూడో రోజు పొద్దున స్టీమరు మా ఊరు బెథెల్ ల్యాండింగ్ ముందు నుంచే పోతుంది. ఆగదు, కాని ఒడ్డు పక్కగా పోతుంది.

"అంటే డబ్బిచ్చి మన ఊరి వెనక వైపు చూస్తావు," అంది ఆర్డిత్. "దాణా కొట్టు గోడ, మురుగు గొట్టం, షెర్మర్ వాళ్ళ దండెం మీద లోపలి బట్టలు. అవి ఇక్కణ్ణించి ఊరికే కనపడతాయి."

ఎవరెట్ జీవితమంతా పక్క ఊళ్ళో తివాచీలు అమ్మాడు. తెడ్డు పడవ ఎక్కినా కడుపులో తిప్పుతుంది. నది మీద అతనికి ఉన్న హక్కల్లా తండ్రి పేరే. తండ్రి ఓటో హావర్‌క్యాంప్ కళాసీగా మొదలుపెట్టి, సరంగై, కెప్టెనై దిగాడు. ఆయన పని మానుకుని వరండాలో కూర్చున్నాక, ఎగువ నుంచి వచ్చే ప్రతి పడవా వంపు తిరుగుతూనే ఆయన ఇంటికి మూడు పొడుగు కూతలు పెట్టేది. తల్లి వంటింట్లోంచి తడిచేతులతో వచ్చి, బల్ల మీది తెల్లగుడ్డ లాగి, వరండా చివర నిలబడి ఊపేది. మా నదిలో మర్యాద అది. పడవ కూత పెడుతుంది, ఇల్లు గుడ్డ ఊపుతుంది. నదిలో పనిచేసిన వాళ్ళ ఇళ్ళకే ఆ కూత. బ్యాంకు మేనేజరుకు పెట్టరు, మేయరుకు పెట్టరు.

తల్లీ తండ్రీ పోయాక ఇల్లు ఆర్డిత్‌కు వచ్చింది, కూత ఆగిపోయింది. ఆమె ఉద్యోగమంతా ఊరికి దిగువన లాకుల్లో గడిచింది. అక్కడ నదికి అడ్డంగా ఆనకట్ట ఉంది. పై నుంచి వచ్చిన పడవ లాకులోకి దూరితే వెనక తలుపులు మూసి, నీళ్ళు వదిలి, పడవను కింది మట్టానికి దించి ముందు తలుపులు తెరుస్తారు. గోడ మీద హారన్ పొడుగ్గా మోగితే లోపలికి రమ్మని, పొట్టిగా మోగితే బయటికి పొమ్మని. ఆ హారన్ ఆర్డిత్ చేతిలో ఉండేది. పొట్టి హారన్ మోగేదాకా ఎంత పెద్ద కెప్టెనైనా తాళ్ళు పట్టుకుని నిలబడాల్సిందే. అందుకే నదివాళ్ళు లాకు మనుషుల్ని తమలో కలుపుకోరు. లాకు మనిషి ప్రభుత్వం మనిషి. ప్రభుత్వం అంటే వాళ్ళ లెక్కలో తమను ఆపేది. ఆర్డిత్ ఆ ఉద్యోగంలో చేరిన రోజున తండ్రే "గేటు కాపలా" అని, ఆ ఎండాకాలమంతా ఆమెతో మాట్లాడలేదు.

విహారానికి వచ్చినవాళ్ళంటే ఆమెకు మరీ చులకన. లాకులో స్టీమరు కిందికి దిగుతుంటే వరండాల్లోని జనం గోడ మీదున్న ఆమెకు చేతులు ఊపేవాళ్ళు. గట్టు మీది ఆవులకు ఊపినట్టు ఊపుతారు అనేది. మర్యాదగా ఉండాలని రూలు కాబట్టి రెండు వేళ్ళు ఎత్తేది. అంతకు మించి ఎత్తమని రూలు లేదు.

ఎవరెట్ రెండో కప్పు కాఫీ తాగాక గాని అసలు సంగతి చెప్పలేదు. గార్లండ్ కొలంబస్‌లో పళ్ళ డాక్టరు. సరస్సు మీద సొంత మోటారు పడవ ఉంది. కిందటి నవంబరులో థాంక్స్‌గివింగ్ విందు వాళ్ళింట్లో జరిగింది. టర్కీ కోడిని కోస్తూ గార్లండ్, ఒహాయో నది కూడా ఒక నదేనా, బొగ్గు పోయే కాలువ గదా అన్నాడు. ఎవరెట్‌కు రోషం వచ్చింది. మా ఇంటి ముందు పోయే ప్రతి స్టీమరూ మాకు కూత పెట్టి గాని పోదని చెప్పాడు. ఆ కూత ఆగిపోయి చాలా ఏళ్ళయిందని చెప్పలేదు. గార్లండ్ కత్తి కింద పెట్టి, అయితే పోయి విందాం పదండి అన్నాడు. పది మంది ముందు అన్నాడు. ఆ రాత్రే గార్లండ్ తన భార్య చేత స్టీమరు వెతికించాడు.

"పోయి విను మరి," అంది ఆర్డిత్.

"కూత పెట్టాలి కదక్కా."

"ఎవరు?"

ఎవరెట్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఏప్రిల్‌లో కొరిన్ కూడా వచ్చింది. ఎవరెట్‌కు ఆమె రెండో భార్య. ఈ ఇంటికి ఎప్పుడొచ్చినా కుర్చీ అంచున కూర్చుంటుంది. గదులు తీసేసుకున్నామని, ఎడమ వైపు వరండాలో రెండు గదులు దొరికాయని, అదృష్టమని చెప్పింది.

"ఎడమ వైపా?" అంది ఆర్డిత్. "దిగువకు పోయేటప్పుడు మన ఒడ్డు కుడి పక్క ఉంటుంది. నువ్వు వెస్ట్ వర్జీనియా బొగ్గు గుట్టలు చూస్తూ కూర్చో. కూత వినపడితే ఎవరింటికో అనుకో."

కొరిన్ మొగుడి వైపు చూసింది. నది పక్కన పుట్టి పెరిగిన మొగుడు గోడ వైపు చూశాడు. కుడి వైపుకు మార్చుకోవడానికి కంపెనీవాళ్ళు మళ్ళీ వసూలు చేశారు.

ఆ తర్వాత కొరిన్ ఇల్లు చూడాలంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. నది వైపు గడ్డిలోకి దిగి, స్టీమరు మీద నుంచి గార్లండ్ చూసే చోటు అంచనా వేసుకుని నిలబడింది. వరండా కమ్మీకి రంగు వేయిస్తే బాగుంటుందంది. ఇంటి పక్కన నిలబెట్టిన పాత ట్రక్కును చూపించి, "అది ఆ ఒక్క రోజుకి వెనక్కి పెట్టిస్తారా వదినా? ఫొటోలో పడుతుంది," అని అడిగింది.

"ట్రక్కు అక్కడే ఉంటుంది."

"పోనీ మీరు కూడా మాతో వచ్చెయ్యండి. ఈ ఇంట్లో ఒక్కరే ఎన్నాళ్ళని ఉంటారు? అక్కడ రోజూ రాత్రి బాంజో కచేరీ ఉంటుంది."

ఎవరెట్ దగ్గాడు. కొరిన్‌కు అర్థం కాలేదు. ఇంట్లో మనిషి లేకపోతే ఏ కెప్టెనూ కూత పెట్టడని, ఖాళీ వరండాకు కూత పెట్టేవాణ్ణి నదిలో పిచ్చివాడంటారని అతను ఆమెకు చెప్పనేలేదు. అక్కను రమ్మని పిలిచిన భార్య ఎదుటే, నువ్వు రాకపోతేనే మంచిదక్కా అని చెప్పాల్సి వచ్చింది.

ఆర్డిత్ తాను వస్తానని అసలు అనలేదు. "నన్ను వద్దనడానికి ఇంత దూరం కారేసుకొచ్చారా ఇద్దరూ?" అంది.

కూత గురించి ఎవరెట్ మొదట కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేశాడు. అక్కడి అమ్మాయి పుట్టినరోజా, పెళ్ళిరోజా అని అడిగింది. ఏదైనా సరే కేకు ఇస్తారట, కేకు మీద పేరు రాస్తారట. కూత మాత్రం కెప్టెన్ ఇష్టమంది. కెప్టెన్ పేరు రాయిస్ టిల్లరీ అని చెప్పింది.

మే నెలలో ఎవరెట్ ఒక బుర్బన్ విస్కీ సీసా తీసుకుని టిల్లరీని చూడటానికి వెళ్ళాడు. స్టీమరు పది మైళ్ళ ఎగువన రేవులో ఉంది, చక్రానికి రంగు వేస్తున్నారు. టిల్లరీ సీసా పుచ్చుకుని బల్ల కింద పెట్టాడు. ఓటో హావర్‌క్యాంప్ పేరు విన్నానని, పెద్దమనిషి అని అన్నాడు. ఆయన పోయాడు కదా, ఇప్పుడా ఇంట్లో ఎవరున్నారని అడిగాడు. అక్క ఉందని ఎవరెట్ చెప్పాడు.

"లాకు ఆర్డితా?"

ఔనన్నాడు ఎవరెట్.

టిల్లరీకి ఆమెతో ఒక పాత లెక్క ఉంది. ఆ సంగతి నదిలో అందరికీ తెలుసు, ఎవరెట్‌కు తప్ప. టిల్లరీ కళాసీగా చేరిన కొత్తలో, లాకులో నీళ్ళు దిగుతుంటే తాడు వదులుతూ పోవాల్సింది పోయి ముడి బిగించి నిలబడ్డాడు. పడవ ఒక పక్క తాడుకు వేలాడింది. ఆర్డిత్ నీళ్ళు ఆపించి, మైకులో, ఆ కుర్రాడు ఆవును కట్టేస్తున్నాననుకుంటున్నాడు, ఎవరైనా వచ్చి అది పడవ అని చెప్పండి అంది. వెనక వరసలో మూడు పడవలు ఆ మాట విన్నాయి. చాలా ఏళ్ళ పాటు రేవుల్లో టిల్లరీ కనపడితే ఎవరో ఒకరు అంబా అనేవాళ్ళు.

చివరికి టిల్లరీ సరేనన్నాడు. కూత పెడతాడు. కాని ముందు ఆమె గుడ్డ ఊపాలి. ఊపిందని తన కంటితో చూశాక పెడతాడు.

ఎవరెట్ తిన్నగా అక్క ఇంటికి వచ్చాడు. ఆర్డిత్ వరండాలో కూర్చుని టొమాటో మొక్కలకు పుల్లలు చెక్కుతోంది. పని అయిపోయిందని, కెప్టెన్ ఒప్పుకున్నాడని చెప్పాడు. షరతు సంగతి చివర్న, మెట్లు దిగుతూ చెప్పాడు.

ఆమె చాకు ఆపింది.

"ఏమన్నావు?"

"ముందు నువ్వు ఊపాలిట. తర్వాత అతను పెడతాడు. ఏదైతేనేం అక్కా, అటూ ఇటూ అంతేగా."

"అమ్మ ఎప్పుడన్నా ముందు ఊపిందా?"

ఎవరెట్ మెట్టు మీదే నిలబడ్డాడు. తల్లి ముందు ఊపిన రోజు లేదని అతనికీ తెలుసు. కూత వినపడ్డాకే ఆమె పొయ్యి మీది గిన్నె దించేది. పడవ కూత పెట్టకముందే ఒక ఇంట్లోంచి ఎవరైనా గుడ్డ ఊపితే దానికి నదిలో ఒకటే అర్థం. ఇల్లు తగలబడుతోంది, లేదా మనిషి చావుబతుకుల్లో ఉన్నాడు, ఆగి సాయం చెయ్యండి.

"నన్ను ఒడ్డున నిలబడి అడుక్కోమంటున్నాడు," అంది ఆర్డిత్. "ఆ మాట నువ్వు మోసుకొచ్చావు. నాన్న ఉంటే నిన్ను ఆ మెట్ల మీద నుంచే నదిలోకి తోసేవాడు."

"గార్లండ్ ముందు నా తల తీసేసినట్టవుతుందక్కా. వాడు నెల నెలా ఫోన్ చేసి అడుగుతున్నాడు, కూత ఎట్లా ఉంటుంది, సన్నగానా లావుగానా అని. వాడి స్నేహితులకు కూడా చెప్పాడు." ఎవరెట్ గొంతు తగ్గింది. "ఒక్కసారి. ఒక్కసారి ఊపితే అయిపోతుంది."

ఆర్డిత్ మళ్ళీ పుల్ల చెక్కడం మొదలుపెట్టింది. ఆ పుల్ల పూర్తయ్యాక మాట్లాడింది.

"ఆ రోజు పొద్దున నేను వరండాలో ఉంటానని టిల్లరీకి చెప్పు."

ఎవరెట్‌కు అది చాలింది. అక్క ఒప్పుకుందని కొరిన్‌కు ఫోన్ చేశాడు. ఊపుతానని ఆమె అనలేదని అతనికి తట్టలేదు, తట్టనివ్వలేదు. వారం తిరక్కుండా కొరిన్ కొత్త తెల్లగుడ్డ ఒకటి పార్సెల్‌లో పంపింది. నది మధ్య నుంచి కనపడే సైజు అడిగి మరీ కొన్నానని చీటీ పెట్టింది.

సెప్టెంబరు వచ్చింది. సంగతి ఊళ్ళో పొక్కింది. ఆ పొద్దున పడవలు దించే చోట జనం మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. అందరూ వేరే పని మీద వచ్చామనే చెప్పారు. హావర్‌క్యాంప్ తమ్ముణ్ణి చూసి నవ్వడానికి వచ్చినవాళ్ళు కొందరు, లాకు ఆర్డిత్ గుడ్డ ఊపితే చూడాలని వచ్చినవాళ్ళు ఎక్కువ మంది. ఆర్డిత్ వరండాలో కుర్చీ వేసుకుని ఉంది. కొరిన్ పంపిన గుడ్డ ఒళ్ళో పరుచుకుని, దాని మీద చిక్కుడుకాయలు పోసుకుని గింజలు ఒలుస్తోంది. ట్రక్కు ఇంటి పక్కనే ఉంది. కమ్మీకి రంగు లేదు.

క్లారా డనింగ్ వంపు తిరిగింది. చక్రం నిజంగానే ఆవిరితో తిరుగుతోంది, ఆ ఒక్కటీ మా వాళ్ళు ఒప్పుకున్నారు. కుడి వైపు వరండా అంతా జనం. ఎవరెట్ తెల్లవారకముందే వచ్చి కమ్మీ పట్టుకున్నాడు. మొహం పాలిపోయి ఉంది, కొంత నది వల్ల, కొంత అక్క వల్ల. పక్కన గార్లండ్ కాఫీ కప్పుతో నిలబడ్డాడు.

"అదేనా ఇల్లు?" అన్నాడు గార్లండ్. "ట్రక్కు ఉన్న ఇల్లేనా?"

"అదే."

"ఆవిడేదో తింటున్నట్టుంది."

స్టీమరు ఇంటికి ఎదురుగా వచ్చింది. కూత లేదు. పైన సరంగు గదిలో టిల్లరీ కిటికీ తెరిచి చూస్తున్నాడు. తెల్లగుడ్డ ఆమె ఒళ్ళోనే కనపడుతోంది. ఆమె ఒక కాయ ఒలిచింది. ఇంకో కాయ తీసుకుంది. టిల్లరీ ఇంజను గదికి గంట కొట్టి చక్రాన్ని వెనక్కి తిప్పించాడు. ప్రవాహం ముందుకు తోస్తుంటే, చక్రం వెనక్కి లాగుతుంటే, స్టీమరు హావర్‌క్యాంప్ ఇంటి ఎదుట నిలబడిపోయింది. ప్రయాణికులు ఇది చూడదగ్గ చోటేమో అనుకుని ఆర్డిత్‌కు చేతులు ఊపారు. వాళ్ళ మధ్య ఎవరెట్ కూడా ఊపాడు. ఆమె రెండు వేళ్ళు కూడా ఎత్తలేదు. ఇప్పుడు రూలు లేదు.

ఎంతసేపు అట్లా ఉండేవాళ్ళో తెలియదు. దిగువ నుంచి బొగ్గు బార్జీలు తోసుకుంటూ ఒక పడవ వస్తోంది. దాని సరంగుకు దారి కావాలి. రేడియోలో అడిగాడు. ఆ రేడియో మాట ఆ దరిదాపుల్లో ఉన్న పడవలన్నిటికీ, లాకుకూ వినపడుతుంది.

"క్లారా డనింగ్, ఏమైంది? చెడిపోయావా? తాడేసి లాగమంటావా?"

"చెడిపోలేదు," అన్నాడు టిల్లరీ.

"మరి నది మధ్యలో ఏం చేస్తున్నావు?"

టిల్లరీ ఏదో ఒకటి చెప్పాలి. "ఒక ఇంటికి కూత పెట్టడానికి ఆగాను," అన్నాడు.

"కూత పెట్టడానికి ఆగడమేంటయ్యా? ఎవరిల్లు?"

"హావర్‌క్యాంప్‌ది."

రేడియోలో ఇంకెవరో అంబా అన్నారు. ఎవరన్నారో ఈనాటికీ తేలలేదు. నది అంతా వినేట్టు చెప్పిన తర్వాత కూత పెట్టకుండా కదిలితే టిల్లరీ ఇక ఏ రేవులోనూ తలెత్తలేడు. కూత తీగ లాగాడు. మూడు పొడుగు కూతలు. లావు కూత, అవతలి ఒడ్డు కొండలకు తగిలి తిరిగొచ్చేదాకా ఆగి ఆగి పెట్టాడు. ఒడ్డున కూర్చున్న వాళ్ళలో ముసలివాళ్ళు టోపీలు తీశారు. ఎవరెట్ కమ్మీ వదిలేసి గార్లండ్ వైపు తిరిగాడు.

ఆర్డిత్ చిక్కుడుకాయలు గుడ్డతో సహా మూట కట్టి కుర్చీలో పెట్టింది. లేచి చేతులు దులుపుకుంది. ఇప్పుడు గుడ్డ తీస్తుందని స్టీమరు మీద కొరిన్ చెల్లెలు ఫొటోకు సిద్ధమైంది. ఆర్డిత్ వరండా మెట్లు దిగి, ఇంటి పక్కకు నడిచి, ట్రక్కు తలుపు తీసింది. లోపలికి ఎక్కలేదు. బయట నిలబడే చెయ్యి పెట్టి హారన్ నొక్కింది.

ఒక్కటి. పొట్టిది.

ఒడ్డున జనం ఒక్కసారిగా నవ్వారు. బార్జీల సరంగు రేడియో మీట నొక్కి పట్టుకుని నవ్వాడు. ఆ సమయంలో టిల్లరీ చేసిన పని ఇంజను గదివాళ్ళు తర్వాత రేవులన్నిట్లో చెప్పుకున్నారు. పొట్టి హారన్ మోగిన మరుక్షణం పైనుంచి గంట కొట్టాడట, పూర్తి వేగంతో ముందుకు అని. ఆలోచించి కొట్టింది కాదు. కళాసీగా ఉన్నప్పటి నుంచి ఆ హారన్ వినగానే కదిలిన చెయ్యి అది. చక్రం నీళ్ళు చిమ్ముకుంటూ తిరిగింది, స్టీమరు దిగువకు పోయింది.

ఆర్డిత్ వరండాకు తిరిగి వచ్చి మిగిలిన కాయలు ఒలిచింది.

ఆ సాయంత్రం స్టీమరు దిగువ ఊళ్ళో ఆగినప్పుడు ఎవరెట్ ఫోన్ చేశాడు. వెనక బాంజో వినపడుతోంది.

"అక్కా, గార్లండ్ అడుగుతున్నాడు. ఆ హారన్‌కి అర్థం ఏంటని."

"నువ్వేం చెప్పావు?"

"సుఖంగా పోయి రండి అని చెప్పాను."

"పోవడం వరకు సరిగ్గానే చెప్పావు."

"కూత మాత్రం విన్నాడు," అన్నాడు. "వాడి మోటారు పడవది పిల్లి అరుపులా ఉంటుందని వాడి పెళ్ళామే అంది."

ఆర్డిత్ పొయ్యి మీద చిక్కుడుగింజలు కలిపి, మూత పెట్టి, మళ్ళీ ఫోన్ తీసుకుంది.

"ఆ గుడ్డకు చిక్కుడు పసరు అంటుకుంది," అంది. "పోవడం లేదని నీ పెళ్ళానికి చెప్పు."